బుష్షు పురాణం

రాజులకు చరిత్ర ఉంది. రాజుల గుర్రాలకూ ఉంది. రాణా ప్రతాపుని గుర్రం పేరేమిటని అడిగితే బడిపిల్లలు కూడా చేతక్ అని ఠక్కున చెబుతారు. కాని రాజుగారి బండి ఇరుసుకు పొద్దున్నే కందెన వేసినవాడి పేరు చెప్పమనండి, పండితులు కూడా బుర్ర గోక్కుంటారు. మోటారు కార్ల సంగతీ ఇంతే. ఇంజను గురించి, వేగం గురించి, ఎవరు మొదట తయారు చేశారన్న దాన్ని గురించి పుస్తకాలకు పుస్తకాలున్నాయి. కారు కింద, చక్రాల వెనకాల, బురదలోనూ దుమ్ములోనూ కాలక్షేపం చేసే బుష్షు అనే చిన్న వస్తువు గురించి మాత్రం పురాణం చెప్పేవాడు లేడు. ఆ లోటు ఇవాళ కొంత తీర్చుకుందాం.

బుష్షు అంటే ఏమిటో తెలియనివారు సిగ్గుపడనక్కర్లేదు. బాగున్నన్నాళ్లూ అది ఉన్నట్టే ఎవరికీ తెలియదు. చక్రం గోతిలో పడి లేచినప్పుడు చక్రం ఆడాలి గాని కారు ఎగరకూడదు కదా! అంటే చక్రాన్ని పట్టుకున్న కమాన్ కట్టలూ, ఇనప చేతులూ కారు చట్రానికి గట్టిగా బిగిసి ఉండాలి, బిగిసి ఉంటూనే కదలాలి. తలుపుకు బందు ఎలాగో వీటికి బుష్షు అలాగ. ఒక ఇనప గొట్టంలో ఇంకో చిన్న గొట్టం, రెండింటి మధ్యా రబ్బరు, చిన్న గొట్టంలోంచి ఒక బోల్టు. స్వరూపం ఇంతే. అది అరిగిపోయిన తరవాత గాని దాని మహిమ తెలియదు. చిన్న గోతికే కింద ఎవరో సుత్తితో కొట్టినట్టు చప్పుడవుతుంది. బ్రేకు తొక్కితే బండి ఒక పక్కకు గుంజుతుంది. ముందు చక్రాలు ఏలూరు వెళ్దామంటే వెనక చక్రాలు గుడివాడ వెళ్దామంటాయి.

అసలు ఈ కథ కారు కన్నా పాతది. మన ఎడ్లబండికి స్ప్రింగులు లేవు. ఇరుసూ చక్రమూ రాసుకునే చోట ఆముదపు కందెన వేసేవాళ్లు. వేయనినాడు బండి ఊరంతా వినపడేలా ఏడ్చేది. ఇంగ్లండులో గుర్రపు బగ్గీలకు ఒబడయా ఇలియట్ అనే ఆయన 1804లో ఉక్కు పట్టీలు కట్టగట్టి స్ప్రింగు చేసి పేటెంటు తీసుకున్నాడు. కూర్చున్నవాళ్ల నడుములు బతికాయి. కాని ఒక సుఖం వెంట ఒక పని పుట్టుకొస్తుంది. వంగి ఉన్న కమాన్ కట్ట మీద బరువు పడితే సాగి పొడుగవుతుంది, బరువు తీస్తే మళ్లీ పొట్టిదవుతుంది. రెండు కొసలూ బిగించేస్తే అది పనిచేయదు. అంచేత ఒక కొసను మేకుకు తగిలించి, రెండో కొసను ఊయలలాంటి లింకుకు వేలాడదీశారు. మన మెకానిక్కులు షాకిల్ అనేది దాన్నే. అలా ప్రతి కట్టకూ మూడేసి చోట్ల ఇనుమూ ఇనుమూ రాసుకునే సంధులు ఏర్పడ్డాయి. సంధి ఉన్నచోట అరుగుదల తప్పదు. కట్ట అరగకుండా మధ్యలో ఒక ఇత్తడి తొడుగు పెట్టి, అరిగితే తొడుగునే మార్చుకుందామన్నారు. బుష్షు పుట్టుక ఇదీ.

మోటారు కారు వచ్చినప్పుడు బగ్గీ సంసారమంతా దానికి కట్నంగా వచ్చింది. కమాన్ కట్టలూ, షాకిళ్లూ, ఇత్తడి బుష్షులూ, వాటితోపాటు గ్రీజు చాకిరీ కూడా. ఆస్కార్ జెర్క్ అనే ఆస్ట్రియా మనిషి 1929లో పేటెంటు పొందిన చిన్న గ్రీజు నిపులు ఈ చాకిరీని కొంత సుళువు చేసింది. గన్ను దాని మూతికి ఆనించి రెండు పంపులు కొడితే చాలు. అయినా చాకిరీ చాకిరీయే. వారానికోసారి, పది రోజులకోసారి ఎవరో ఒకరు బండి కిందికి దూరవలసిందే. కారున్న మారాజులు డ్రైవర్లను పెట్టుకున్నది స్టీరింగు తిప్పడానికి ఒక్కదానికే అనుకోకండి.

ఈ చాకిరీని తప్పించినది రబ్బరు. పచ్చి రబ్బరు ఎండకు కరుగుతుంది, చలికి పెళుసెక్కుతుంది. దానికి గంధకం కలిపి వేడి చేస్తే రెండు జబ్బులూ పోతాయని 1839లో చార్లెస్ గుడ్ ఇయర్ కనిపెట్టాడు. లోకానికి ఇంత మేలు చేసిన ఆ మహానుభావుడు 1860లో అప్పులతో కన్నుమూశాడు. ఆయన పేరు పెట్టుకున్న టైర్ల కంపెనీ తరవాత ఎప్పుడో వేరేవాళ్లు పెట్టినది. దాంట్లో ఆయనకు పైసా సంబంధం లేదు. అదలా ఉంచండి. 1920లలో లియాన్ థిరీ అనే ఇంజనీరు రెండు లోహపు గొట్టాల మధ్య రబ్బరును గట్టిగా కూరి ఒక సంధి తయారు చేశాడు. దీంట్లో ఉన్న తమాషా ఏమిటంటే, ఏదీ దేనిమీదా జారదు. లోపలి గొట్టం బోల్టుతో బిగిసి ఉంటుంది, బయటి గొట్టం కట్ట కంటిలో బిగిసి ఉంటుంది. కట్ట ఆడినప్పుడల్లా మధ్య రబ్బరు కాస్త మెలితిరిగి మళ్లీ యథాస్థానానికి వస్తుంది. రాపిడే లేనప్పుడు గ్రీజు దేనికి? చప్పుడు మాత్రం ఎందుకుంటుంది? దానికి సైలెంట్‌బ్లాక్ అని పేరు పెట్టారు. నూరేళ్ల తరవాత కూడా మన షెడ్లలో కుర్రాళ్లు సైలెంట్ బ్లాకు అనే అంటారు. ఫ్రెంచి పేరని వాళ్లకు తెలియదు, తెలియకపోయినా వచ్చిన నష్టమూ లేదు.

ఇక్కడే ఉంది తిరకాసు. ఇత్తడి బుష్షు గయ్యాళిది. వారం రోజులు పట్టించుకోకపోతే కీచుమంటుంది. అందుకని వారంవారం దాని దగ్గరికి ఎవరో ఒకరు వెళ్లేవారు, గ్రీజు కొట్టేవారు, ఆ గ్రీజుతోపాటు పాత నీరూ మట్టీ బయటికి వచ్చేసేవి. రబ్బరు బుష్షు సాధువు. పదేళ్లు, ఇరవయ్యేళ్లు నోరెత్తదు. నోరెత్తదు కనక ఎవరూ దాని మొహం చూడరు. ఈలోగా వానాకాలపు నీరు బోల్టుకూ లోపలి గొట్టానికీ మధ్య ఉన్న వెంట్రుకవాసి సందులోకి దిగుతుంది. ఇనుము తుప్పయితే మొదట ఉన్నదానికి రెట్టింపు పైగా చోటు కావాలి. ఆ సందులో చోటెక్కడిది? తుప్పు ఉబ్బి, బోల్టునూ గొట్టాన్నీ ఒకటిగా బిగించేస్తుంది. చేతనైన వెల్డరు కూడా అంత గట్టిగా అతకలేడు. కీచుమనే బుష్షు రోజూ కొంచెం కొంచెం వసూలు చేసుకునేది. మౌనంగా ఉండే బుష్షు ఇరవయ్యేళ్ల బాకీ ఒక్కసారే అడుగుతుంది.

బోల్టుకు మాత్రం సొంత చరిత్ర లేదనుకున్నారా? 1841కి ముందు ఇంగ్లండులో ఒక్కో కార్ఖానా మర ఒక్కో తీరు. ఒక చోట చేసిన నట్టు ఇంకో చోట చేసిన బోల్టుకు ఎక్కదు. జోసెఫ్ విట్‌వర్త్ ఆ యేడు అందరికీ ఒకటే కొలత చెప్పాడు, మర పళ్ల మధ్య కోణం 55 డిగ్రీలని. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ అనే ఆయన 60 డిగ్రీలే మేలన్నాడు. ఇద్దరూ పంతం వదలలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇద్దరూ ఒకే పక్షాన పోరాడుతూ కూడా, ఒకరి ఫిరంగికి ఇంకొకరి బోల్టు పట్టక నానా అవస్థా పడ్డారు. చివరికి 1948లో బ్రిటనూ అమెరికా కెనడా కూర్చుని 60 డిగ్రీల మీద రాజీపడ్డాయి. ఆ రాజీ ఫలితమే మన అంబాసిడర్ కారు కింద ఉన్న అంగుళాల బోల్టులు.

అంబాసిడర్ ఇంగ్లీషువాళ్ల మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారుకు మన దేశపు అవతారం. ఇంగ్లండులో ఆ మోడలు 1959కే ముగిసింది. బెంగాలులోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్‌వారు 1950ల చివర మొదలుపెట్టి 2014 మే దాకా అంబాసిడర్లు చేస్తూనే ఉన్నారు. చిత్రమేమిటంటే అణాలు పోయి నయాపైసలు వచ్చినది 1957లో. దేశం వీశెలు వదిలి కిలోలకూ, గజాలు వదిలి మీటర్లకూ మారుతున్న రోజుల్లోనే అంగుళాల బోల్టులతో ఈ కారు వచ్చి కూర్చుంది. దీంతో వచ్చిన చిక్కు చిన్నది కాదు. 9/16 అంగుళాల నట్టు అంటే 14.3 మిల్లీమీటర్లు. దానికి 14వ నంబరు పానా ఎక్కదు. 15వ నంబరు ఎక్కుతుంది గాని వదులు. ఆ వదులు పానా పెట్టి బలంకొద్దీ గుంజితే నట్టు మూలలు అరిగి, ఆరు పలకల నట్టు గోళీకాయ అవుతుంది. తుప్పు చేసిన పాపం కన్నా తప్పుడు పానా చేసిన పాపం ఎక్కువని మెకానిక్కులు చెప్పేది ఇందుకే.

ఇదంతా పుస్తకాల చదువు. కళ్లారా చూసినది మా మేనమామగారి కారు విషయంలో. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. 1978 మోడల్ అంబాసిడరును పాతికేళ్ల పాతది కాకముందే సెకండ్ హాండులో కొన్నారు. మా ఇళ్లలో పెళ్లికూతుళ్లందరూ అత్తారిళ్లకు దాంట్లోనే వెళ్లారు. పదిహేనేళ్లు దాటిన సొంత కారుకు ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి, అందుకు బండిని చూపించాలి. ఆ గడువు దగ్గర పడింది. బండి చూస్తే వెనక ఎడంవైపు కట్ట ముందు బుష్షు పూర్తిగా పోయి, బ్రేకు వేసినప్పుడల్లా ఇరుసే పక్కకు జరుగుతోంది. రెండు షెడ్లవాళ్లు పానా పెట్టి చూసి, బోల్టు రాదు, పాత ఇనుము కింద ఇచ్చేయండన్నారు. హైదరాబాదులో ఉన్న కొడుకూ ఫోనులో అదే మాటన్నాడు. మామయ్య రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు నన్ను వెంటబెట్టుకుని బెజవాడ ఆటోనగర్‌లో తనకు తెలిసిన పెద్ద మేస్త్రీ దగ్గరికి బండిని నిదానంగా తోలుకెళ్లారు.

"ఏమయ్యా మేస్త్రీ, వచ్చుద్దంటావా?"

"వచ్చేదాకా రాదు మాస్టారూ. తొందరపడితే అసలే రాదు," అన్నాడాయన.

మొదటి రోజు ఆయన పానాయే ముట్టలేదు. ముందు చక్రాలకు చెక్కముక్కలు అడ్డం పెట్టించాడు. బండిని లేపి చట్రం కింద ఇనప స్టాండ్లు పెట్టించాడు. ఉత్త జాకీని నమ్మి బండి కింద దూరినవాడు మెకానిక్కు కాడు, శవమని ఆయన సిద్ధాంతం. తరవాత తీగ బ్రష్షుతో మర కొసలన్నీ తోమించాడు. తుప్పు పొడి రాలిపోకపోతే నూనె లోపలికి పోదట. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడు పూటలా మందు వేసినట్టు కిరసనాయిలు పోయించాడు. బల్ల మీద నీలం డబ్బా ఒకటి ఉంది, 1953లో అమెరికాలో రాకెట్ తొడుగులకు తుప్పు పట్టకుండా తయారు చేసినది. నీటిని తరిమే మందు తయారీలో నలభయ్యో ప్రయత్నం ఫలించిందట, అందుకే పేరులో 40. "అది కూడా మంచిదేనండీ. కాని ఏ నూనెకైనా ఒక రాత్రి కావాలి," అన్నాడు మేస్త్రీ.

రెండో రోజు నట్టు సంగతి చూశాడు. అంగుళాల రింగు పానా, అదీ ఆరు మూలలది, నట్టుకు చర్మంలా పట్టేది తీశాడు. విప్పడానికి ముందు పిసరంత బిగించాడు. అదేమిటని నేను తెల్లబోతే, పట్టు ఏదో ఒక వైపు వదలాలి కదా బాబూ, అన్నాడు. కదలలేదు. నట్టు ఒక పలక మీద ఒక సుత్తి ఆనించి, ఎదుటి పలక మీద ఇంకో సుత్తితో నాలుగు దెబ్బలు వేశాడు. తుప్పు పెళుసు సరుకు, అదురుకు చిట్లుతుంది. అయినా కదలలేదు. అప్పుడు గ్యాసు మంట తెప్పించాడు. దగ్గర్లో బ్రేకు గొట్టం, పెట్రోలు దారి చూసుకుని, తడి గోనె అడ్డం కట్టి, కుర్రాణ్ణి ఇసక బక్కెటుతో నిలబెట్టి, నట్టును మాత్రం ఎర్రబారేదాకా కాల్చాడు.

ఇక్కడ మామయ్యలోని లెక్కల మాస్టారు మేల్కొన్నారు. అర అంగుళం కంతను 400 డిగ్రీలు వేడెక్కిస్తే అది పెరిగేది 0.06 మిల్లీమీటరు, తలవెంట్రుక మందం కన్నా ఎక్కువేమీ కాదని కాగితం లేకుండా లెక్కగట్టి చెప్పారు. "ఆ వెంట్రుకే చాలు మాస్టారూ," అని మేస్త్రీ జేబులోంచి కొవ్వొత్తి ముక్క తీసి వేడి మర మీద ఆనించాడు. మైనం కరిగి, దీపం వత్తికి నూనె ఎక్కినట్టు పళ్ల సందుల్లోకి పాకింది. కాస్త ఆగి పానా వేస్తే నట్టు కిర్రుమని పావు చుట్టు తిరిగింది. ఆయన సంతోషించి లాగెయ్యలేదు. పావు ముందుకు, అర పావు వెనక్కి, మళ్లీ ముందుకు. నూనె చుక్క, మళ్లీ ఇంకొంచెం. పది నిమిషాలకు నట్టు అరచేతిలో పడింది.

నట్టు వచ్చింది గాని బోల్టు రాలేదు. తలకు పానా వేసి తిప్పితే పావు చుట్టు తిరుగుతుంది, వదిలితే మళ్లీ మొదటికి వస్తుంది! మేస్త్రీ నా చేతికి పానా ఇచ్చి తిప్పి చూడమన్నాడు. లోపల ఏదో బతికి ఉన్నట్టు గుంజింది. అదే రోగ నిర్ణయం. బోల్టు లోపలి గొట్టంతో ఏకమైంది, మిగిలిన రబ్బరే దాన్ని వెనక్కి లాగుతోంది. కొసన పాత నట్టు ఎక్కించి మర పాడవకుండా సుత్తితో కొట్టి చూశాడు. దెబ్బనంతా రబ్బరే మింగేసింది. మంట పెడితే రబ్బరు కాలుతుంది, ఆ పొగ పీల్చకూడదు, పైగా అక్కడికి పెట్రోలు దారి దగ్గర. "ఇంక దీనితో మాటల్లేవు," అని యాక్సా బ్లేడు తీశాడు. కట్ట కంటికీ చట్రం చెవికీ మధ్య ఉన్న సందులో బ్లేడు దూర్చి, ఇద్దరు కుర్రాళ్లు వంతులవారీగా, రెండు పక్కలా బోల్టును కోశారు. ఒక పూట పట్టింది. కట్ట కిందికి దిగింది.

కంటిలోంచి బుష్షును ఊడదీయడం ఇంకో ఘట్టం. చచ్చిన రబ్బరుకు చుట్టూ డ్రిల్లు వేసి, బోల్టు ముక్కతో సహా లోపలి గొట్టాన్ని తోసేశారు. బయటి గొట్టం మాత్రం కంటి గోడను కరుచుకుని ఉంది. బ్లేడును చట్రం నుంచి విప్పి, కంటిలోంచి దూర్చి, మళ్లీ బిగించి, గొట్టాన్ని లోపలినుంచి నిలువునా కోశాడు మేస్త్రీ స్వయంగా. కుర్రాళ్లకు ఇవ్వలేదు. గొట్టం తెగాలి గాని కన్ను గీతపడకూడదు. గీత పడితే ఎప్పుడో ఒకనాడు కట్ట అక్కడే విరుగుతుంది. చూపుతో కాదు, బ్లేడు చప్పుడు మారడంతో తెలుసుకుని ఆపాడు. ఉలితో ఒక అంచు లోపలికి మడిచి రెండు దెబ్బలు వేస్తే, నలభయ్యేళ్ల గొట్టం అరిటాకు చుట్టలా బయటికి వచ్చింది.

కొత్త బుష్షుకు సుత్తి ముట్టలేదు. ఒక పొడుగు మరబోల్టు, నాలుగు వాషర్లు, కంటి కన్నా కాస్త వెడల్పయిన పైపు ముక్క, అంతే సరంజామా. నట్టు బిగిస్తుంటే బుష్షు దానంతటది లోపలికి నడిచింది. వెనక షాకిల్ రబ్బరు బుష్షులకు ఉత్త సబ్బునీళ్లు రాశాడు, ఇంజనాయిలు తగిలితే రబ్బరు ఉబ్బి పాడవుతుందని. చివరికి ఒక సూక్ష్మం ఉంది. చక్రాలు గాలిలో ఉండగా నట్టు పూర్తిగా బిగించలేదు. బండిని నేల మీదికి దించి, బరువంతా చక్రాల మీద పడనిచ్చి, అప్పుడు బిగించాడు. గాలిలో బిగిస్తే బండి దిగీ దిగకముందే రబ్బరు మెలిపడి ఉంటుంది. ఆ మెలితోనే బతకవలసి వచ్చి, ఏడాదికే చిరుగుతుందట. కొత్త బుష్షులు ఎందుకు నిలవడం లేదని దుకాణంవాణ్ణి తిట్టేవారు ఈ మాట కాస్త గుర్తుంచుకోవాలి.

నాకు అన్నిటికన్నా నచ్చినది మాత్రం ఇంకొకటి. కొత్త బోల్టు ఎక్కించబోయే ముందు మేస్త్రీ దాని ఒంటికంతా పలచగా గ్రీజు రాశాడు. మామయ్య ఊరుకోలేదు.

"ఏమయ్యా, రబ్బరు బుష్షుకు గ్రీజు అక్కర్లేదన్నావు కదా?"

"బుష్షుకు కాదు మాస్టారూ, బోల్టుకు. మళ్లీ విప్పేవాడికి."

మళ్లీ విప్పేది ఎప్పుడు? ఏ పదిహేనేళ్లకో. అప్పటికి మేస్త్రీ ఉంటాడో లేదో, షెడ్డు ఉంటుందో లేదో, ఆయన కొడుకు కంప్యూటర్ల కంపెనీలో ఉన్నాడు. ఎవరో తెలియని కుర్రవాడి వేళ్లు చితక్కుండా ఈయన ఇవాళ గ్రీజు రాస్తున్నాడు. 1978లో కట్ట బిగించినవాడికి ఆ తీరిక లేకపోయి ఉండవచ్చు, లేదా రాసినది నలభై వానాకాలాలకు కడుక్కుపోయి ఉండవచ్చు. మన కుర్రాళ్లు పూటంతా కోసినది ఆ గ్రీజు లేని బాకీయే.

కారు చూపించుకుని రిజిస్ట్రేషను పొడిగించుకున్నాం. ఉత్తరపారా కార్ఖానా మూతపడిన మూడేళ్లకు, 2017లో, అంబాసిడర్ అన్న పేరును ఫ్రాన్సువారి పెజో కంపెనీ 80 కోట్లకు కొన్నది. ఒక్క పేరుకే అంత ధర! కాని ఇన్నేళ్లూ ఆ పేరును రోడ్డు మీద నడిపించినవాళ్లలో కార్లు చేసినవాళ్లు సగమే. మిగతా సగం, పాడైనదాన్ని పగలగొట్టకుండా విప్పగలిగినవాళ్లు. కొత్తది బిగించడం పుస్తకం చూసి ఎవరైనా నేర్చుకోవచ్చు. పాతదాన్ని దాని పక్కనున్నది చెడకుండా విప్పడం మాత్రం ఇంకొకరి చెయ్యి చూస్తేనే వస్తుంది. ఆ చేతులు తగ్గిపోతే, బాగుపడగలిగిన బండ్లు కూడా పాత ఇనుము కిందికే పోతాయి.

అంచేత పాఠకులకు నాదొక మనవి. కారో, స్కూటరో, ఇంట్లో నీళ్ల మోటారో, ఎప్పుడైనా ఒక బోల్టు కొత్తగా బిగించవలసి వస్తే దాని మీద వేలితో కాస్త గ్రీజు రాయండి, లేదా రాయమని చెప్పండి. కింద సంతకం పెట్టనక్కర్లేదు. ఇరుసుకు కందెన వేసినవాడూ పెట్టలేదు.